రెండింట్లోనూ ఒకే బొమ్మ

ఆత్మకూరు బస్టాండు వెనక రాజమోహన్ నడిపే డీటీపీ సెంటర్లో రెండో మానిటర్ పెట్టించమని మొదట అడిగింది అక్కడ టైపు కొట్టే సుకుమారే. పెండ్లి కార్డులకూ కరపత్రాలకూ వచ్చేవాళ్లు ఆమె కుర్చీ వెనక నిలబడి, భుజం మీదుగా తెరలోకి తొంగి చూసేవారు. ఎవరి ఊపిరో మెడకు తగులుతుంటే పని సాగేది కాదు. నెల్లూరులో ఒక షాపులో ఆమె చూసి వచ్చింది. పని చేసేవాళ్ల ముందు ఒక మానిటర్, గిరాకీకి వచ్చినవాళ్ల వైపు తిప్పి ఇంకొకటి. వెతుకులాట, కొట్టివేతలు, దిద్దుబాట్లు ఇటువైపే నడుస్తాయి. అటువైపు పూర్తయిన కార్డు మాత్రం కనపడుతుంది.

రాజమోహన్‌కు ఆ మాట నచ్చింది. జిల్లాకు పడమట ఎవరికీ లేని వస్తువు తన దగ్గరుంటుందని సంబరపడి, నెల్లూరు నుంచి పెంచలప్రసాద్ అనే మెకానిక్‌ను పిలిపించాడు.

పెంచలప్రసాద్ సీపీయూ మూత విప్పి పెదవి విరిచాడు. అది మానిటర్ కింద పలకలాగా పడుకునే సన్నరకం పెట్టె. టేబుల్ మీద చోటు కలిసొస్తుందని రాజమోహన్ ముచ్చటపడి కొన్నది. రెండో మానిటర్‌కు వేరే బొమ్మ పోవాలంటే లోపల ఇంకో గ్రాఫిక్స్ కార్డు గుచ్చాలి. తెచ్చిన కార్డేమో పెట్టె అంచు దాటి రెండు వేళ్ల ఎత్తు పైకి నిలబడింది.

"మూత తీసి పెట్టుకుంటే పడతాది సార్."

"పేగులు బయటేసుకోని కూర్చుంటాదా నా కంప్యూటరు? ఇంకో దారి చెప్పు."

"రెండు మొనల వైరు ఉండాది. కానీ రెండింట్లోనూ ఒకే బొమ్మ వస్తాది. ఈ పాప ఏది చూస్తే అటుపక్కా అదే."

"అట్లయితే వద్దు సార్," అంది సుకుమారి.

"పెట్టమనేదీ నువ్వే, వద్దనేదీ నువ్వే. ఒకే బొమ్మ వస్తే ఏంది? మనం దాచేదేముండాది?"

వైరు బిగించారు. మౌసు కదిపితే రెండు తెరల మీదా బాణం గుర్తు ఒక్కసారే కదిలింది. రాజమోహన్ గిరాకీ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, "సినిమా హాలు లాగుండాది," అని మురిసిపోయాడు.

మరుసటి ఉదయం ఉదయగిరి బస్సు దిగి ఆ కుర్చీలో కూర్చున్నవాడు యేసురత్నం. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. వాళ్ల చర్చి సంఘంలో ఆదివారం బైబిలు వాక్యం చదివేది ఆయనే. ఏ కాగితమైనా వేలు పెట్టి, పైకి చదివితేగాని తృప్తిపడడు. ఆయన కూతురు ఏంజెలిన్ పెండ్లి కార్డు సుకుమారే కొట్టింది. పెండ్లయిన రెండో ఏడు ఆ పిల్ల కామెర్లతో పోయింది. సంవత్సరం తిరిగి వస్తోంది. ఇప్పుడు జ్ఞాపకార్థ కూడికకు కార్డు కావాలి.

ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"ఆహ్వానించేవాళ్లలో అల్లుడి పేరు ముందుండాల పాపా. తర్వాత మా ఇద్దరివి. వింజమూరు పోయి చెప్పొచ్చినాను. తప్పకుండా వస్తాను మామా, ముందు వరసలో కూర్చుంటాను అన్నాడు. మా లిదియమ్మకు ఆ పిల్లోడిని చూస్తే పిల్లను చూసినట్టే."

సుకుమారి కాగితం వైపే చూస్తూ తల ఊపింది.

ఆ అల్లుడు జయపాల్ అంతకు నాలుగు రోజుల ముందు అదే కుర్చీలో కూర్చుని వెళ్లాడు. జలదంకి సంబంధం కుదిరింది, పిల్ల పేరు సలోమి, కార్డులు కావాలన్నాడు. "పాత కార్డు ఉండాది గదా, పేరు మార్చి కొట్టు. పెండ్లికొడుకు అతనే, చర్చీ అదే," అన్నాడు రాజమోహన్. జయపాల్ సిగ్గుపడి నవ్వాడు. ఆ షాపులో పని జరిగే తీరే అది. ఒకరి కార్డు తెరిచి, పేర్లు చెరిపి, ఇంకొకరి కార్డు చేయడం. సుకుమారి ఏంజెలిన్ పేరు చెరిపి సలోమి పేరు కొట్టింది. తేదీ మార్చింది. అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కూత పెడుతుంటే గాభరాగా పాత ఫైలు మీదనే సేవ్ చేసి ఆపేసింది. మళ్లీ ఆ ఫైలు తెరవలేదు.

ఆయన దాన్ని చూడకూడదు. ఆమెకు అంతకంటే వేరే ఆలోచన లేదు.

"కొత్తగా కొడతాను సార్," అంది యజమానితో.

"ఎందుకు? రత్నం గారిది మన దగ్గరుండాదిగా. సంఘం పేరు, సిలువ, పూల బోర్డరు అన్నీ ఉండాయి. పైన పెండ్లి తీసి చావు పెట్టు, అయిపోతాది."

యేసురత్నం తల వంచుకుని మడత కాగితాన్ని అరచేత్తో సాపు చేశాడు.

"అది పాడైపోయింది సార్. తెరుచుకోదు."

"ఎట్లా పాడయింది? నాలుగు దినాల నాడు బాగానే ఉండె గదా?"

ఆమె చేయి చాపి రెండో మానిటర్ బొత్తాం నొక్కింది. అటువైపు తెర ఆరిపోయింది. రాజమోహన్ వచ్చి దాన్ని మళ్లీ వెలిగించాడు. "దీన్ని కట్టేస్తావేందిమే? ఆయన చూసుకోవద్దా? నిన్ననే గదా పెట్టించింది." ఆమెను పక్కకు జరిపి, తనే మౌసు పట్టుకున్నాడు. ఫైళ్ల వరసలో జయపాల్, ఏంజెలిన్ అని ఉన్నదాన్ని నొక్కాడు.

"చూసుకోండి పెద్దాయనా. మీ పాప కార్డు ఎట్లుండేదో అట్లే ఉండాది."

సుకుమారి లేచి నిలబడింది. రెండు తెరల మీదా పూల బోర్డరు ఒకేసారి విచ్చుకుంది, తర్వాత సిలువ, తర్వాత అక్షరాలు. యేసురత్నం కళ్లద్దాలు సవరించుకుని ముందుకు వంగాడు. ఆ బోర్డరు గుర్తుపట్టి ఆయన ముఖం ఒక్క క్షణం మెత్తబడింది. తెర మీద వేలు పెట్టి, సంఘంలో చదివినట్టే నిదానంగా చదివాడు.

"జయపాల్‌కు... ఉదయగిరి వాస్తవ్యులు యేసురత్నం, లిదియమ్మ గార్ల కుమార్తె... సలోమితో..."

వేలు అక్కడ ఆగింది. తర్వాత తేదీ దగ్గరికి జరిగింది. కూడిక జరగబోయే వారంలోనే ఆ తేదీ.

రాజమోహన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. "ఓ, మీకు చెప్పలేదా ఆ పిల్లోడు? చెప్తాడులే. వయసులో ఉండే మగోడు, ఎన్నాళ్లని ఒంటిగా ఉంటాడు?"

యేసురత్నం మళ్లీ మొదటి నుంచి, ఈసారి పెదవులు మాత్రం కదుపుతూ చదువుకున్నాడు. చదివి సుకుమారి వైపు చూశాడు.

"ఇక్కడొక తప్పుండాది పాపా. ఈ పిల్ల మా పిల్ల కాదు. మా పేర్లు తీసేయండి."

సుకుమారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వధువు పేరు మార్చింది గాని, తల్లిదండ్రుల పేర్లు మార్చడం మరిచిపోయింది. రాజమోహన్ వంగి చదివి, బల్ల మీద చరిచాడు.

"చూసినావామే! రేపు ప్రెస్సుకు పోయుంటే జలదంకోళ్లు నన్ను రోడ్డుకీడుద్దురు. ఈ రెండో మానిటర్ ఉండబట్టి దొరికింది. నిన్న వద్దంటివి. దిద్దు, ఇప్పుడే దిద్దు."

"ఆయన పోయినాక దిద్దుతాను సార్."

"మళ్లీ మరిచిపోతావు. ఆయన ఉన్నప్పుడే తీసెయ్, ఆయన కూడా చూసుకుంటాడు."

ఆమె కూర్చుంది. లిదియమ్మ పేరు చివర కర్సర్ పెట్టి, చెరిపే మీట నొక్కింది. అక్షరాలు వెనక నుంచి ఒక్కొక్కటే పోయాయి, ఇటు ఒకటి పోతే అటు ఒకటి. తర్వాత యేసురత్నం పేరు. తొందరగా చెరపాలని ఆమె ప్రయత్నించింది గాని, ఆ సన్నపెట్టె నిదానమైనది. ఆయన కదలకుండా, తన పేరు పూర్తిగా పోయేదాకా చూశాడు.

"సరిపోయింది," అన్నాడు.

రాజమోహన్ టీ చెప్పి వస్తానని బయటికి పోయాడు. సుకుమారి ఖాళీ పేజీ తెరిచింది. ఈసారి పాతదేదీ ముట్టుకోలేదు. సిలువ వేసింది. ఏంజెలిన్ పేరు కొట్టింది. ప్రభువునందు నిద్రించిన తేదీ, కూడిక జరిగే చోటు కొట్టింది. ఆహ్వానించువారు అన్న మాట దాకా వచ్చి, భర్త అని కొట్టి ఆగిపోయింది. పక్కనున్న కాగితంలో ఆ తర్వాతి పేరు గుండ్రటి చేతిరాతలో స్పష్టంగా ఉంది. రెండు తెరల మీదా కర్సర్ గీత మినుకు మినుకుమంటోంది.

"ఎందుకు ఆగినావు?"

ఆమె కాగితం మీది ఆ పేరు వైపు చూసింది.

"ఈ కార్డు మా లిదియమ్మ చదవాల. ఆమెకు ఈ పెండ్లి సంగతి తెలవదు. కాగితంలో ఉన్నట్టే కొట్టు పాపా."

ఆమె కొట్టింది. జయపాల్ పేరు రెండు తెరల మీదా ఒక్కసారే పడింది. యేసురత్నం దాని కింద వేలు పెట్టి, పైకి చదివి, తప్పు లేదన్నాడు.