బొట్టు పెట్టిన అయస్కాంతం

టేపు అంటించి స్ఫటికం మీది పొరలు ఊడదీయడం, మైక్రోస్కోపులో చూడటం, ఏడవటం. రెండేళ్ళుగా నా పీహెచ్‌డీ ఇంతే. కొన్ని పరమాణువుల మందం మాత్రమే ఉండే అయస్కాంతం గుండా కరెంటు ఎలా పోతుందో నేను కొలవాలి. పొరలో పరమాణువులు ఎక్కడ చెదిరినా కరెంటు అక్కడే తడబడుతుంది. నావన్నీ చెదిరినవే. చివరికి మొన్న ఒక్కటి శుభ్రంగా వచ్చింది. దాన్ని చిప్పు మీద పెట్టి, నైట్రోజన్ నింపిన డబ్బాలో బిగించాను. గాలి తగిలితే నిమిషాల్లో పాడైపోతుంది.

కొలిచే యంత్రం బెంగళూరులో ఉంది. దాని మీద నాకు దొరికింది దసరా ఒక్కరోజే. ల్యాబుకు సెలవులు కాబట్టి, డబ్బాను అమీర్‌పేటలో మా ఇంటికే తెచ్చుకున్నాను.

"గందుల ఏముంది, సుష్మితా?" అని బాపు అడిగాడు.

"నా పని సామాను బాపూ," అన్నాను.

పంజాగుట్టలో బ్యాగు జిప్పు వేయించుకుని వచ్చేసరికి ఇంట్లో అగరొత్తుల వాసన. సనత్‌నగర్‌లో లేత్ మెషిన్ మీద పనిచేసే బాపు, ఏటా దసరా ముందురోజు ఆయుధపూజకు తన పానాలూ కొలత పరికరాలూ కడిగి ఇంటికి తెస్తాడు. వాటి పక్కన నా డబ్బా. మూత మరలు విప్పి, వరుసగా పళ్ళెంలో పెట్టి ఉన్నాయి. చిప్పు నడిమధ్యన కుంకుమ బొట్టు.

"నీదానికి సుత చేసిన బిడ్డా. మూతకు బొట్టు పెడితే ఏం ఫాయిదా, పనిచేసేది లోపలున్నది గద?"

కోపం గొంతుదాకా వచ్చింది. ఆ ముఖం చూసి ఎలా అరవను? కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"పండుగ పూట ఏడ్వకు. గంత ఫికరెందుకు? మంచిగైతది," అంటూ మరలన్నీ తిరిగి గట్టిగా బిగించాడు. ఆయన బిగిస్తే గాలి దూరదు. లోపల ఉన్నదంతా గాలే.

చెప్పలేకపోయాను. సాయంత్రం బెంగళూరు బస్సు కోసం మెట్రో కింద జనంలో నడుస్తున్నాం. బ్యాగు నాకిచ్చి, డబ్బాను రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకున్నాడు బాపు.

"జర జరుగు భాయ్, నా బిడ్డ పని సామాను," అని అందరికీ చెబుతూ ముందు నడిచాడు.

బస్సెక్కాక కిటికీలోంచి డబ్బా అందించాడు. "ఒళ్ళనే పెట్టుకో. కుదుపులకు ఖరాబైతది," అన్నాడు.