మహేందర్ విప్పిన కార్బొరేటర్

చర్చి నుంచి తెల్లచొక్కాతో వస్తున్న యాకోబుకి ఎల్బీనగర్ సందు మలుపులోనే ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! మల్లికార్జునరావు గారి పాత స్కూటరు ఆ మహేందర్ షెడ్డు ముందు నిలబడి ఉంది.

పదకొండేళ్లుగా ఆ బండి మీద మరో మెకానిక్ చెయ్యి పడలేదు. యాకోబు కళ్లు మూసుకుని, ఇంజను చప్పుడు వింటూ, కార్బొరేటర్ స్క్రూని పావుచుట్టు తిప్పితే చాలు, సర్దుకునేది. నెల తిరిగేసరికి మళ్లీ మొరాయించేది. రావు గారు దిల్‌సుఖ్‌నగర్ నుంచి దాన్ని దగ్గించుకుంటూ వచ్చి, "నీ చెయ్యి పడకపోతే ఇది మాట వినదయ్యా" అనేవారు. కొత్త బండ్లొచ్చి గిరాకీ సగం పోయినా యాకోబుకి ఆ మాట మిగిలింది. ఆర్నెల్ల కింద తన దుకాణానికి ఎదురుగా షెడ్డు పెట్టిన మహేందర్ ఇప్పుడు దాని మీదా పడ్డాడు.

"ఇంటికి పోదాం పా. ఆదివారం దుకాణం మొకం సూడనంటివి గదా" అని భార్య లింగమ్మ చొక్కా పట్టుకుంది.

"నా దుకాణం కాదు గదా" అని విడిపించుకుని రోడ్డు దాటాడు.

"రావయ్యా యాకోబూ!" అన్నారు రావు గారు, కాస్త నొచ్చుకుంటూ. "నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఇవాళ నువ్వుండవని ఇక్కడికి తెచ్చాను."

"మంచిదే సార్" అన్నాడు యాకోబు. లోపల పళ్లు కొరుకుతున్నాడు.

మహేందర్ కార్బొరేటర్ విప్పి, ముక్కలన్నీ స్టీలు పళ్లెంలో పెట్టి, పెట్రోలుతో కడిగి గాలి కొడుతున్నాడు. సూది జారి మోరీలో పడాలి, వాషర్ తెగాలి, వీడి పరువు పోవాలి అని యాకోబు గట్టిగా కోరుకున్నాడు. ఇప్పుడే ప్రార్థన చేసొచ్చి ఇదేం బుద్ధిరా అంటే, అదే బుద్ధి.

ఏదీ పడలేదు, తెగలేదు. మహేందర్ పెట్రోలు దిగే సన్న బెజ్జం జెట్టు ఒకటి మార్చి, అన్నీ బిగించి కిక్కు కొట్టాడు. స్క్రూ ఒక్కసారి తిప్పి వదిలేశాడు. బండి దగ్గకుండా, ఆగకుండా నడుస్తూనే ఉంది. యాకోబు చేతిలో అది ఒక్కనాడూ అంత నిమ్మళంగా నడవలేదు.

"సాయంత్రానికి బందయితది" అన్నాడు యాకోబు.

మహేందర్ అతన్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్లి, పాత జెట్టు చేతిలో పెట్టాడు. "ఎండకు పెట్టి సూడన్నా. ఎవరో తీగతోని పొడిచిన్రు. బెజ్జం పెద్దగై పెట్రోలు ఎక్కువ దిగుతున్నది. గందుకే నెలనెలా పరేషాన్."

ఎవరో ఏంటి! ఆ బండి మొదటిసారి వచ్చిన రోజు, జెట్టులో చెత్త ఇరుక్కుంటే, గాలి కొట్టే ఓపిక లేక క్లచ్ వైరు పోగు ఒకటి పీకి పొడిచింది యాకోబే. పదకొండేళ్ల స్క్రూ తిప్పుడంతా ఆ బెజ్జం చేసిన పాడును సర్దడమేనని ఇప్పుడు తెలిసింది.

"సార్‌కు చెప్పనులే అన్నా" అని మహేందర్ బయటికొచ్చి, "పాత సామాన్ సార్, అరిగిపోయింది" అన్నాడు.

యాకోబు ఇది మాత్రం తట్టుకోలేకపోయాడు. పనితనం వాడిదే, బండీ వాడిదే. చివరికి పెద్దమనసు కూడా వాడిదేనా?

"అరగలే సార్! తీగ పెట్టి నేనే పాడు చేసిన. గీయనకు ఎరికే, మీకు చెప్తలేడు."

రావు గారి మొహం ఎర్రబడింది. "పదకొండేళ్లు నన్ను తిప్పించుకున్నావా?" అని మహేందర్ వైపు తిరిగారు. "నువ్వూ తెలిసే దాచావన్నమాట! ఇక మీ ఇద్దరి గడపా తొక్కను." బండెక్కి వెళ్లిపోయారు.

మహేందర్ మొహం మాడిపోయింది. అది చూసి యాకోబుకి ప్రాణం లేచొచ్చింది. నవ్వు ఆపుకుంటూ రోడ్డు మీదికి దిగాడు. సగం దూరం వచ్చాక, రావు గారు ఇక తన దగ్గరికీ రారని తట్టింది. ఆటోలు హారన్లు కొడుతున్నా కదల్లేకపోయాడు. లింగమ్మే వచ్చి చెయ్యి పట్టి ఇవతలికి లాగింది.