సొరబుర్ర మూత

శుక్రుడు సూర్యుడి మీదుగా నడిచే రోజు వస్తోందని తెల్లదొరకు సంబరం. ఆ సంబరానికి కావలసిన దుర్బిణీని పడవరేవు నుంచి సిరోంచ బంగళా దాకా మోసింది మాత్రం మాలవాడ ఐలన్న. వెట్టికే పుట్టినవాడాయె. అతని చేతి నిదానం చూసి దొర అద్దాలు సరిచేసే పనీ నేర్పాడు. గొట్టం అడుగున పెద్ద అద్దం, పైన చిన్న అద్దం. కన్ను పెట్టేచోట సన్నని బెజ్జమున్న ఇత్తడి మూత తొడిగి చూస్తూ, ఒకదాని నడుమ ఒకటి కుదిరేలా తిప్పాలి.

"అద్దాలు కుదిరితే నీకు వెట్టి మాఫీ," అన్నాడు దొర. ఇంట్లో ఐలన్న పెళ్లాం కనకవ్వ ఆ మాటను అతని చేత మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

ముందురోజు కచేరీ గుమాస్తా గోపాల్‌రావు వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"ఏరా ఐలా, రేపు నేను గూడ గందులనే కన్ను పెట్టాలె. ఆ ఇత్తడికి నీ కన్ను తాకిందంటే మీ వాడోళ్లకు బాయికాడ నీళ్లు పోసేటోడు ఉండడు. జర సోంచాయించు."

"దొర గదే పెట్టుమన్నడు, బాంచెన్."

"దొర ఎల్లకాలం ఈడనే ఉంటడా?"

దుర్బిణీ మోస్తే అంటని మైల కన్ను పెడితే అంటుతుందట! ఐలన్నకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి తమవాళ్లు ఎప్పుడూ చేసేదే చేశాడు. పనికి ఎవరింటికి పోయినా నీళ్లకు తన సొరబుర్ర తానే తీసుకుపోతాడు. కంటికీ అట్లాగే ఒకటి ఉంటే సరి అనుకున్నాడు. ఎండిన సొరబుర్ర మెడ కోసి, ఇత్తడి మూత కొలతకు చెక్కి, నడుమ ముల్లుతో బెజ్జం పొడిచాడు. గొట్టానికి సరిగ్గా పట్టేసరికి ఎంత మురిసిపోయాడో!

రాత్రి ప్రాణహిత మీది మంచుకు బుర్ర ఒక పక్క ఉబ్బింది. పొద్దున తొడిగితే వంకరగా కూర్చుంది. ఐలన్న కనిపెట్టలేదు. ఆ వంకర బెజ్జంలోంచే చూసి అద్దాలు కుదిరాయనుకున్నాడు. దొరకు కావలసింది శుక్రుడు సూర్యుడి లోపలికి దిగే ఒక్క క్షణం. అది కాస్తా మసిమరకలా చెదిరిపోయింది.

దొర ఆ సొరబుర్ర మూత విసిరికొట్టాడు. "ఇత్తడిది ఇచ్చాను కదా! ఇది పెట్టమని ఎవరు చెప్పారు?"

గోపాల్‌రావు పక్కనే నిలబడి ఆకాశం చూస్తున్నాడు. ఐలన్న అతని పేరు చెప్పబోయాడు. కానీ దొర పోతాడు, బావి ఉంటుంది.

"ఎవ్వలు చెప్పలే దొరా. నాకే అక్కల్ లేక."

"తెలివి లేనివాడికి మాఫీ ఎందుకు?" అంటూ దొర చెయ్యెత్తాడు.

గోపాల్‌రావు అడ్డుపడ్డాడు. "పోనియ్యిండ్రి దొరా, అమాయకుడు."

ఆ దయకు ఐలన్న వంగి గోపాల్‌రావుకు దండం పెట్టవలసి వచ్చింది.