చెత్తలోని జంటలు

అక్క ఎండిన చెరువుమట్టిలోంచి నాచును బతికించే పనిలో ఉంటే, అదే ల్యాబులో చెల్లెలు ఆ నాచును మిషనులో పరీక్షిస్తుంది. సన్నటి గొట్టంలో నీళ్లు పారుతుంటే, కంటికి ఆనని కణాలు ఒక్కొక్కటే ఫొటో దిగి పోతాయి. రెండు అతుక్కుని వచ్చాయా, మిషను ఆ ఫొటోను లెక్కలోకి తీసుకోకుండా చెత్త కింద తోసేస్తుంది. దానికలా నేర్పింది చెల్లెలే.

"బతికున్నాయి గానీ ఒక్కటీ రెండవడం లేదే అక్కా. పారబోసెయ్."

"నాచు సీసా నిన్నటికన్నా పచ్చగా ఉంది. కళ్లున్నాయా నీకు?" అక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"చెత్త కూడా చూపిస్తా, అప్పుడైనా నోరు మూస్తావ్!"

చెల్లెలు ఆ ఫొటోలు తెరిచింది. తెర నిండా జంటలే. ఒకదాన్ని పెద్దది చేసి చూసి నోరు తనే మూసుకుంది. అవి అతుక్కున్నవి కావు. ఒకే కణం నడుమ గోడ కట్టుకుని రెండవుతోంది. పక్కదీ అంతే, దాని పక్కదీ అంతే. పుట్టుకలన్నిటినీ ఇన్నాళ్లూ తనే చెత్తలో పోయించింది.

ఇంట్లోనైతే అక్క ఏడాదిపాటు దెప్పేది. ఇప్పుడు మాత్రం "జరుగు" అని చెల్లెలి కుర్చీలోనే ఇరుక్కుని కూర్చుంది.

"ఇలా చూస్తే నీ మిషను మనిద్దర్నీ చెత్తలో పడేస్తుందే" అంది.