ఎత్తేవాడు మోయడు

పెద్ద వరద వచ్చి పోయాక మూడో ఏడు అది. కూరగాయల టోకు మార్కెట్టుని ఊరి బయట కొత్తగా కట్టారు. సరుకు చెడకుండా చల్లటి గదులు, లారీ ఎత్తున అరుగులు, బరువులెత్తే యంత్రాలు. పాతది కూల్చేస్తారట. కార్డు ఉన్న హమాలీకే కొత్త గేటు లోపలికి దారి అన్నారు.

నేను ఉల్లిపాయల బస్తాలు మోస్తాను. మా బావ, అంటే మా అక్క మొగుడు, వాటిని నా తల మీదికి ఎత్తుతాడు. మాలో ఎత్తేవాడు మోయడు, మోసేవాడు ఎత్తడు. అది కట్టుబాటు. ఎత్తే చెయ్యి వంకరపోతే మోసేవాడి మెడ విరుగుతుంది. ముప్పై ఏళ్లలో నా మెడ ఒక్కసారి కూడా పట్టలేదు.

కార్డులు రాసే రోజు బావ ఉతికిన చొక్కా వేసుకుని వరసలో నా ముందు నిలబడ్డాడు.

"ఏంట్రా, పెళ్లిచూపులకి వచ్చినట్టు బిగుసుకుపోయావు? నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?" అన్నాడు. వరసంతా నవ్వింది.

బావ వంతు వచ్చింది. గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. "రోజుకి ఎన్ని బస్తాలు మోస్తావు?"

"ఒక్కటీ మొయ్యను బాబూ. జన్మలో మొయ్యలేదు. కావాలంటే ఎవర్నైనా అడగండి," అన్నాడు బావ ఛాతీ విరుచుకుని.

గుమాస్తా కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. "మొయ్యనివాడికి హమాలీ కార్డెందుకయ్యా? జరుగు."

బావ జరిగాడు. చెప్పరా అన్నట్టు నా వైపు చూశాడు.

చెప్పాలనే అనుకున్నాను. ముందే చెబితే నా కాగితం కూడా కొట్టేస్తాడేమో, నాది అయ్యాక చెబుదాం అనుకున్నాను. నూట ఇరవై అన్నాను. ముద్ర వేసి కార్డు చేతిలో పెట్టాడు. దాన్ని జేబులో పెట్టుకున్నాను. వెనకవాడు నన్ను తోసుకుని ముందుకొచ్చాడు.

సాయంత్రం బావ మళ్లీ వెళ్లి అడిగాడు. గడువు అయిపోయిందన్నారు. అయినా ఎత్తడానికి ఇక మనిషి అక్కర్లేదన్నారు.

అన్నం పెడుతూ అక్క నన్నే అడిగింది. "నువ్వు వెనకే ఉన్నావు కదరా తమ్ముడూ. ఒక్క మాట అనలేకపోయావా?"

"వదిలెయ్యవే. వాడు పుట్టినప్పుడు ఏడవడానికే మూడు రోజులు పట్టిందని మీ అమ్మ చెప్పేది కదా," అన్నాడు బావ.

అక్క నవ్వలేదు. నేను తలొంచుకుని తిన్నాను.

మర్నాడు పొద్దున్నే బావ అలవాటు కొద్దీ నన్ను లేపాడు. ఇద్దరం కొత్త గేటు దాకా నడిచాం. నేను కార్డు చూపించి లోపలికి వెళ్లాను.