మూడు ముక్కల వాడ

మా వాడని మూడు ముక్కలు చేసిన కాగితాన్ని సున్నపు బట్టీ గేటుకి అంటించిన పొద్దున నేను అక్కడే ఉన్నాను. బస్తాలు మోసేవాళ్ళం ఇరవై మందిమి దాని ముందు గుమిగూడాం. చదవగలిగింది, మేమంతా పెద్దక్క అని పిలిచే ఆమె ఒక్కతే. సున్నానికి చర్మం ఊడిన వేలితో గీతల వెంట పోతూ చదివింది.

"ముందు వరుస ఇళ్ళు ఉత్తర నియోజకవర్గంలోకి. మధ్య వరుస తూర్పులోకి. మన వరుస దక్షిణంలోకి. మనల్ని చీల్చేశార్రా తమ్ముడూ."

"చీలిస్తే ఏమైందక్కా? ఇళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయిగా," అన్నాను.

ఆమె మధ్యాహ్నం తిండి దగ్గర అందరినీ కూర్చోబెట్టి విడమర్చింది.

"పార్లమెంటులో రెండు సభలు. కింది సభకి మనమే ఓటేసి పంపుతాం, నియోజకవర్గానికి ఒకణ్ణి. పోయినసారి మన ఓనరు నిలబడితే ఏమైంది?"

"మట్టి కరిపించాం!"

"మరి ఇప్పుడు పార్లమెంటులో ఎలా కూర్చున్నాడు?"

జవాబూ తనే చెప్పింది.

"పై సభకి మనం ఓటెయ్యం. శాసనసభల్లో ఉన్నవాళ్ళు వేస్తారు. వీధి గుమ్మంలోంచి మనం గెంటేస్తే పెరటి గుమ్మంలోంచి దూరాడు. ఇక కింది సభలో కూడా తన మనుషులే ఉండాలని ఈ హద్దులు గీయించాడు. పోయినసారి వాడు ఓడింది మూడు వేల తేడాతోనే. మన నాలుగు వేల ఓట్లూ ఒక్కచోట ఉంటే వాడికి గుండెల్లో రాయి. మూడు చోట్ల పడితే సముద్రంలో ఉమ్మేసినట్టే. హద్దులు గీసిన ఆఫీసులో సోమవారం నుంచి మూడు రోజులు విచారణ. అందరం పోయి అభ్యంతరం చెబుదాం."

వెనక నిలబడి విన్నాడు మేస్త్రీ. ఆమెకి సొంత మరిది.

"వదినా, అక్కడికి పోయినవాళ్ళు మళ్ళీ బట్టీకి రానక్కర్లేదు. అందరూ వింటున్నారుగా."

అందరం విన్నాం. మర్నాటి నుంచి ఆమె పక్కన కూర్చుని తిన్నవాడు లేడు. భర్త బట్టీలోనే పోయాడు, పిల్లల్లేరు. పలకరించడానికి మేమే దిక్కు. ఆ మేమే మొహాలు తిప్పుకున్నాం. అభ్యంతరం రాసిన కాగితం పట్టుకుని ఆమె తలుపులు తట్టుకుంటూ వస్తుంటే లోపల మాటలు ఆగిపోయేవి. నా గుమ్మం ముందుకీ వచ్చింది.

"సంతకం వద్దులే తమ్ముడూ. పక్కన నిలబడు, చాలు."

"పిల్లలున్నారక్కా."

"అవును, ఉన్నారు," అంది. కోప్పడలేదు. పక్క తలుపు తట్టడానికి పోయింది.

సోమవారం ఒక్కతే వెళ్ళింది. అక్కడేం జరిగిందో ఆ ఆఫీసు బంట్రోతు సాయంత్రం మా వాడకొచ్చి చెప్పాడు. పెద్ద హాలు. బల్ల వెనక ముగ్గురు అధికారులు. ఎదురుగా ఖాళీ కుర్చీల మధ్య ఈమె.

"నీ వెనక ఎంతమంది ఉన్నారమ్మా?" అనడిగాడట పెద్ద అధికారి.

"నాలుగు వేల మంది."

"ఏరీ?"

ఆమె వెనక్కి తిరిగి చూసిందట. చాలాసేపు చూసిందట.

"భయపడి ఆగిపోయారయ్యా. అది కూడా రాసుకోండి," అందట.

రాసుకోలేదు. రాసేదాకా లేవనంది. విచారణకి అడ్డం పడిందని పోలీసులొచ్చి పట్టుకుపోయారు.

వింటున్న మిత్రులారా, నన్ను వీరుణ్ణనుకోకండి. మంగళవారం కూడా నేను బస్తాలే మోశాను. కానీ ఆమె వెనక్కి తిరిగి చూసిందన్న మాట నన్ను వదల్లేదు. ఆ చూసిన చోట నేను లేను. పొద్దుగుంకే వేళకి పక్కింటి తలుపు తట్టాను. లోపల మాటలు ఆగిపోయాయి. మళ్ళీ తట్టాను.

"నువ్వూ పోదామనే అనుకుంటున్నావా?" అంటూ తలుపు తీశాడు పక్కింటాయన.

బుధవారం బట్టీకి బొగ్గు వేసే దిక్కు లేదు. మేస్త్రీ గేటు దగ్గర అరుస్తూనే ఉన్నాడు. వాడ వాడంతా ఆఫీసుకి నడిచింది.

మమ్మల్ని చూసి పెద్ద అధికారి మెట్ల మీదకొచ్చాడు.

"గొడవ వద్దు. కొత్త నియోజకవర్గాల ప్రకారం మూడు వరుసల్లో నిలబడండి. ఒక్కో వరుసనీ పిలుస్తాం."

ఎవరూ కదల్లేదు. మధ్య వరుస ఇళ్ళ ముసలమ్మ ఒకామె ముందుకొచ్చి మెట్టు కింద నిలబడింది. ఆమె వెనక ముందు వరుస ఇళ్ళవాడు నిలబడ్డాడు. వాడి వెనక, చివరి వరుస ఇళ్ళ నుంచి నేను.

"మూడు వరుసలన్నాను!"

"మాది ఒకటే వాడయ్యా," అంది ముసలమ్మ. "మా పెద్దక్క మొన్ననే చెప్పింది. మీరు రాసుకోలేదంట."

హద్దు ఆ రోజు మారలేదు. పెద్దక్కనీ వదల్లేదు. ముసలమ్మ నుంచి మొదలుపెట్టి మమ్మల్ని పోలీసు వ్యానెక్కించారు. అది నిండితే ఇంకోటి తెప్పించారు. అదీ నిండింది. కిటికీ ఊచల్లోంచి వెనక్కి తిరిగి చూశాను. వీధి మలుపు అవతల నుంచి మనుషులు ఇంకా వస్తూనే ఉన్నారు, ఒకటే వరుసగా.