వెనక సీటు కింద చప్పుడు

మా పక్కింటి ముసలాయన ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. రిటైరయ్యాక కూడా ఆ బస్సు ఆయన్ని వదల్లేదు. ఎవరైనా మాట సాగదీస్తే "బ్రేకు వెయ్యి" అంటాడు, వడ్డన ఆలస్యమైతే "గేరు మార్చు" అంటాడు. కొండ మీదున్న మా వీధిలో అందరూ ఆయన్ని స్టీరింగ్ తాత అంటారు. నేను మాత్రం ఎదురుపడితే బాబాయిగారూ అనేదాన్ని. వెనకాల ఏమనేదాన్నో ఇక్కడ చెబితే బాగుండదు. మా రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ, గోడ పక్కనే నా కుట్టుమిషను. ఆ ఇంటి సంగతులు వినకూడదనుకున్నా వినపడతాయి. వినకూడదని నేనెప్పుడూ అనుకోలేదనుకోండి, అది వేరే విషయం.

ఆయనకి ఒక్కడే కొడుకు. తండ్రి చేసిన ఉద్యోగమే కొడుక్కీ రావాలి. అంటే, తండ్రికి కావాలి. బస్సు డిపోలో పెట్టే డ్రైవర్ల పరీక్షకి రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ తప్పాడు. రెండోసారి బస్సు వెనక్కి తీస్తూ ఒక గుంజని కూల్చాడు. ఆ గుంజని డిపోవాళ్ళు మర్నాడే మళ్ళీ పాతుకున్నారు గానీ, తండ్రి మాత్రం రోజూ కొడుకు కంచంలో కూరతో పాటు దాన్నీ వడ్డించేవాడు.

అయినా కసి తీరక, కోడలికి డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. వీధిలో పాత కారు ఎక్కించి, కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచేవాడు. "చూడరా, ఆడది! నీకంటే నున్నగా క్లచ్ వదుల్తోంది!" కొడుకు లోపలికెళ్ళి తలుపేసుకునేవాడు. ఆ పిచ్చిపిల్ల ఆ అరుపులన్నీ పొగడ్తలనుకుంది. మామయ్య నన్ను కూతురిలా చూసుకుంటున్నాడని నాతో చెప్పి మురిసిపోయేది. పైగా నిజంగానే నేర్చుకుంది. పెద్ద బండి లైసెన్సు కూడా తెచ్చుకుంది.

ఇంజిను సంగతి కూడా ఆయనే నేర్పాడు. "బండి మొరాయిస్తే తిట్టకూడదమ్మా, వినాలి" అనేవాడు. బ్యాటరీలో కరెంటుందా, ప్లగ్గుల్లో నిప్పు పుడుతోందా, పెట్రోలు అందుతోందా, ఇదే వరస. విద్య విషయంలో మాత్రం ఆయనకి వంక పెట్టలేం.

ఈ ఏడు డిపోవాళ్ళు ఆడవాళ్ళని కూడా తీసుకుంటామన్నారు. ఆమె దరఖాస్తు పెట్టింది. పరీక్ష రోజు పదింటికి గేటు మూసేస్తారు, ఆ తర్వాత దేవుడొచ్చినా తియ్యరు. ఈసారి తప్పితే ఆమెకి వయసు దాటిపోతుంది. ఇక జన్మలో బస్సు లేదు. ఆ పొద్దున జడ బిగించి అల్లుకుని గోడ దగ్గరికొచ్చింది.

"భయంగా ఉందక్కా."

"స్టీరింగ్ పట్టుకుంటే అదే పోతుంది, పో" అన్నాను.

పోయి కారెక్కి తాళం తిప్పింది. స్టార్టర్ తిరిగింది, ఇంజిను అందుకోలేదు. మళ్ళీ తిప్పింది. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముసలాయన చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చి బానెట్ ఎత్తాడు.

"దిగకు, అక్కడే కూర్చో. రెండు నిమిషాలు" అన్నాడు.

ఆ రెండు నిమిషాలు ఎంతకీ అవలేదు. ఒక్కో ప్లగ్గూ విప్పాడు, గుడ్డతో తుడిచాడు, ఊదాడు, వెలుగులో తిప్పి చూశాడు, మళ్ళీ బిగించాడు. నడిరోడ్డు మీద ఆగిన బస్సుని ప్రయాణికులు తిట్టేలోపు బాగుచేసిన మనిషి, చంటిబిడ్డకి గోళ్ళు తీసినంత నిదానంగా చేస్తున్నాడు. నాకు అరికాళ్ళు మండుతున్నాయి.

"టాక్సీ పిలుస్తాను మామయ్యా" అందామె.

"ఇంట్లో బండి పెట్టుకుని టాక్సీ ఏంటమ్మా, నవ్విపోతారు. అది ఈ కొండెక్కి వచ్చేలోపు మనం డిపోలో ఉంటాం. ఏదీ, ఒక్కసారి కొట్టు."

కొట్టింది. పలకలేదు. అప్పుడు ఆమె తల కొంచెం వెనక్కి తిప్పి ఆగింది.

"మామయ్యా, వెనక సీటు కింద చప్పుడు రావట్లేదు."

తాళం తిప్పగానే ఆ సీటు కింద పెట్రోలు పంపు ఒక్క క్షణం జుయ్‌మంటుంది. ఇంజినుకి పెట్రోలు పంపేది అదే.

"వస్తోందమ్మా, నాకు వినపడుతోంది. ఆవిడ మిషను గోలలో నీకు వినపడట్లేదు."

నేను మిషను తొక్కడం ఆపేశాను. ఆమె మళ్ళీ తాళం తిప్పింది. వీధి మొత్తం నిశ్శబ్దంగా ఉంది. పంపు మోగలేదు.

ఆమె దిగి, మొగుణ్ణి పిలిచి సీట్లో కూర్చోబెట్టింది. బ్యాటరీ పక్కనున్న నల్లపెట్టె మూత తీసింది. అందులో అగ్గిపెట్టెలో సగమంత రిలేలు వరసగా ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక్కో పనికి కరెంటు వదులుతుంది. పంపుది ఉండాల్సిన చోట ఖాళీ గూడు ఉంది. దాన్ని గట్టిగా పీకితే తప్ప దానంతటది ఊడదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఆమె గూడు దాకా వచ్చేసింది. తలెత్తి మొగుడి వైపు చూసింది.

"ఇచ్చెయ్యండి."

"ఏంటి ఇచ్చేది?"

"నేను వెళ్ళకూడదనుకుంటే నోటితో చెప్పాల్సింది. రిలే ఇవ్వండి."

"నీ మీదొట్టు, నాకు తెలీదు!" అని వాడు జేబులు బయటికి లాగి చూపించాడు. రుమాలు కింద పడింది.

ముసలాయన ఏమన్నాడో వినండి. "ఇచ్చెయ్యరా. పెళ్ళాం మీద కూడా ఏడుపేనా? గుంజలు కూల్చడం తప్ప నీకేం చాతవుతుంది?"

వాడి మొహం మాడిపోయింది. నేను కూడా వాడేననుకుని నాలుగు అక్షింతలు వేశాను.

ఆమెకి పోట్లాడే తీరిక లేదు. హారన్ రిలే పీకి, పంపు గూట్లో నొక్కింది.

"రెండూ ఒకటేనని మీరే చెప్పారు కదా మామయ్యా."

మామయ్య మొహంలో రంగు మారింది. "హారన్ లేకుండా రోడ్డెక్కకూడదు" అన్నాడు.

"తిప్పండి" అందామె మొగుడితో.

సీటు కింద జుయ్‌మంది. ఇంజిను ఒక్క పట్టున అందుకుంది. నేను గోడ మీద చరిచాను, నా కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. టైముంది, ఇంకా టైముంది!

"ఆపరా!"

ముసలాయన చొక్కా జేబులోంచి రిలే తీసి, కొడుకు ముందు చెయ్యి చాపి చూపించాడు.

"నేనే తీశాను. నీ పెళ్ళాం వెళ్ళిందంటే పాసవుతుంది. నాకు తెలుసు. ఇది బస్సు తోలుతుంటే నువ్వు టిక్కెట్టు కొనుక్కుని ఎక్కుతావా? నేను బతికుండగా నిన్నలా చూడలేను రా."

ఆమె చేతుల నిండా గ్రీజు. తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"మీరే నేర్పారు కదా మామయ్యా."

"వాణ్ణి పొడవడానికి నేర్పాను. నువ్వు నేర్చుకుంటావనుకోలేదు."

అని కిటికీలోంచి చెయ్యి పెట్టి కొడుకు భుజం పట్టుకున్నాడు. ఆ భుజం మీద ఆ చెయ్యి దెబ్బగా పడ్డం తప్ప అలా ఆనడం నేనెప్పుడూ చూడలేదు. వాడూ ఎరగడు కాబోలు, చిన్నపిల్లాడిలా ఆ చేతి వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తాళం వెనక్కి తిప్పాడు. ఇంజిను ఆగిపోయింది.

"ఏవండీ! మీ కాళ్ళు పట్టుకుంటాను, తాళం ఇవ్వండి. ఇప్పుడు బయల్దేరినా అందుకుంటాను."

వాడు తాళంచెవి జేబులో వేసుకుని దిగాడు. కళ్ళు చెమ్మగిల్లాయి, కానీ ఆమె కోసం కాదు.

"నాన్న నా కోసం చేశాడే" అన్నాడు, ఎంత సంతోషంగా అన్నాడో చెప్పలేను.

"సిగ్గుందా మీకు?" అని అరిచాను.

"మా ఇంటి విషయం, నువ్వు బ్రేకు వెయ్యి" అన్నాడు ముసలాయన.

తండ్రీకొడుకులు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని లోపలికి నడిచారు. ఆమె గేటు దాకా పరిగెత్తి, కొండ కిందికి చూసి ఆగిపోయింది. టాక్సీ పిలిచినా, నడిచి దిగి బస్సు పట్టుకున్నా, చేరేసరికి డిపో గేటు మూసేస్తారు. ఆ లెక్క నాకే తెలిసినప్పుడు ఆమెకి తెలియదా?

లోపల్నుంచి ముసలాయన కేకేశాడు. "కోడలా, ఆ బానెట్ మూసిరా, ఇంజిన్లో దుమ్ము పడుతుంది. వస్తూ మాకు టీ పెట్టు."

ఆమె వెనక్కొచ్చి బానెట్ మూసింది. నెమ్మదిగా, చప్పుడు కాకుండా మూసింది, ఆయన నేర్పినట్టే.